డాబా మీద సొంత వాడకం

ఇంటి పన్ను ఆఫీసువాళ్ళ ఫారంలో ఒక ప్రశ్న ఉండేది. ఈ ఇంట్లో యజమాని నివసిస్తున్నారా, లేక అద్దెకిచ్చారా? ఏదో ఒకదాని ఎదురుగా టిక్కు పెట్టాలి. రెండూ నిజమైనవాళ్ళు ఏం చెయ్యాలన్నది ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడికి తట్టలేదు. తట్టకపోవడం తప్పు కాదు. తనకు తట్టలేదు కాబట్టి అలాంటి మనుషులే లేరని తేల్చెయ్యడం తప్పు. నేనున్నాను. ఆ ఇల్లు అద్దెకిచ్చిందీ నేనే, ఆ ఇంట్లో ఒక గది వాడుకుంటున్నదీ నేనే. ఈ మాట చెప్పడానికని సెలవు పెట్టుకుని మరీ వెళ్ళి, ఆ ఆఫీసు బల్ల ముందు చివరికి నేనేం చెప్పి వచ్చానో తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల మొదట్లో సీతమ్మధారలో స్థలం కొన్నాం. కొన్నాం అన్నది అలవాటు కొద్దీ వచ్చిన మాట. కొన్నది నేను. నేను బడిలో సోషల్ టీచర్ని, మా ఆయన పోర్టులో క్రేన్ల సెక్షన్లో పనిచేసేవారు. స్థలం నా జీతంలోంచి వచ్చింది, గోడలు నా పేరున తీసుకున్న అప్పులోంచి లేచాయి, కప్పు నా చేతి గాజుల్లోంచి పడింది. గొప్పకి చెప్పడం లేదు. దస్తావేజులో నా ఒక్కదాని పేరే ఎందుకుందో తెలియాలి కదా. ఆ విషయం మా ఆయన కూడా నలుగురిలో సరదాగానే చెప్పేవారు. "ఇల్లు మా ఆవిడిది బావా. నాను గెస్టుని" అని నవ్వేవారు. ఆ నవ్వు చూసి నేను మురిసిపోయేదాన్ని.

తీరా ఇల్లు పూర్తయ్యేసరికి ఆయనకి పోర్టు క్వార్టరు వచ్చింది. షిఫ్టు డ్యూటీ మనిషి, నడిచి వెళ్ళేంత దూరం, అద్దె నామమాత్రం. అప్పు తీరేదాకా క్వార్టర్సులో ఉండి, ఇల్లు అద్దెకిద్దామనుకున్నాం. అందులో నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా దుమ్ముతోనే. ఓడలకెక్కించే ఇనప ఖనిజం దుమ్ము గాలి మళ్ళినప్పుడల్లా మా క్వార్టర్ల మీదికి వచ్చేది. కిటికీ చువ్వల మీద, మంచాల మీద, మంచినీళ్ళ బిందె మూత మీద ఎర్రగా పేరుకునేది. ఉతికి ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి ఇంకో రంగుకి మారేది. బట్టలంటే మళ్ళీ ఉతుక్కుంటాం. తిండి సంగతేమిటి?

మా ఉత్తరాంధ్ర వాళ్ళ ఆవకాయ సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మిగతా ఊళ్ళవాళ్ళలా ముక్కలు కోసి, ఆవగుండ కలిపి, నూనె పోసి జాడీ మూత పెట్టేస్తే మాకు పని అయిపోయినట్టు కాదు. మేం ఎండబెడతాం. ఆవపిండి, ఉప్పు, కారం పట్టించిన ముక్కల్ని మూడో రోజున ఊటలోంచి తీసి, చాపల మీద పరిచి, ఎండ తగ్గగానే మళ్ళీ ఊటలో వేసి, మర్నాడు మళ్ళీ పరిచి, అలా ముక్క ముడుచుకునేదాకా ఎండబెట్టాలి. ఎండావకాయ లేని ఇంట్లో మా అత్తగారు అన్నం కూడా సరిగ్గా తినేవారు కాదు. క్వార్టర్స్‌లో మొదటి ఏడు ఆ ముక్కలు ఎండబెట్టాను. మధ్యాహ్నానికి ముక్కల మీద కారం ఏదో, ఇనప దుమ్ము ఏదో తెలియలేదు. మొత్తం జాడీడు పారబోశాను. పారబోస్తూ ఏడ్చాను.

అందుకే ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే ఖచ్చితంగా చెప్పాను. ముందు గది, నడిమి గది, వంటిల్లు అద్దెకి. పెరటి వైపున్న చిన్న గది, డాబా నావి. డాబా మెట్లు ఎలాగూ పెరట్లోంచే ఉన్నాయి. గది తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. నా వంతు భాగం తీసేశాం కాబట్టి అద్దెలో పాతిక రూపాయలు తగ్గించాం. ఉక్కు ఫ్యాక్టరీ పనుల కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుర్ర జంట దిగారు. అతను ప్రాజెక్టులో కొత్తగా చేరాడు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. రెండో వారానికల్లా మా ఆయన్ని బావగారూ అనీ, నన్ను అక్కయ్యగారూ అనీ వరస కలిపేశాడు. కాగితం రాసుకుందామా అని నేనంటే, మనవాళ్ళ మధ్య కాగితాలేమిటని మా ఆయన కొట్టిపారేశారు.

ఆ చిన్న గది కేవలం పచ్చళ్ళ కోసమే అయితే నేనింత పట్టుదలకి పోయేదాన్ని కాదేమో. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ వేసుకున్నాను. ఆదివారాలు, పరీక్షల సెలవులు, వేసవి మొత్తం అక్కడికే వెళ్ళేదాన్ని. పేపర్లు దిద్దుకునేదాన్ని. ముక్కలు ఎండుతుంటే కాకుల కోసం ఒక కన్ను వేసి, ఇంకో కంటితో చదువుకునేదాన్ని. పుట్టింట్లో పదిమంది మధ్య పెరిగాను, అత్తింట్లో ఎనిమిది మంది మధ్యకి వచ్చాను, క్వార్టర్స్‌లో రెండు గదుల్లో ఆరుగురం. లోపల్నుంచి గడియ పెట్టుకుంటే ఎవరూ ఎందుకని అడగని తలుపు నా జన్మలో అదొక్కటే. ఆ తలుపు నేను కట్టించుకున్న ఇంట్లో ఉంది. నాకు కావలసినదల్లా అది నాదేనని ఎవరైనా ఒప్పుకోవడం.

ఆ గోదావరి అమ్మాయి నన్ను వదినగారూ అనేది. మొదటి వేసవిలో నా చాపలు చూసి పకపకా నవ్వింది. "ఇదేం ఆవకాయండీ వదినగారూ, పెట్టిందాన్ని మళ్ళీ ఎండేస్తారేంటండీ! మా అమ్మ చూస్తే గుండె ఆగిపోద్దండీ" అంది. రెండో వేసవికి తనే తెల్లారకుండా లేచి చాపలు దులిపి పరిచేది. నేను బస్సు దిగి వచ్చేసరికి ముక్కలు సగం పరిచి ఉండేవి. ఆ పిల్ల నాకు అద్దెకున్న మనిషిలా ఎప్పుడూ అనిపించలేదు.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో ఇళ్ళ పన్నులు తిరగ రాయడానికి ఆఫీసునుంచి ఒక ఇన్‌స్పెక్టరు బయల్దేరాడు. మా ఇంటికి వచ్చేసరికి నేను డాబా మీద ఉన్నాను. మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టుకుని, చేతుల నిండా ఆవపిండి. ఆయన మెట్లెక్కి వచ్చి, చాపలు చూశాడు, గదిలో వరసగా పెట్టిన జాడీలు చూశాడు.

"ఏటమ్మా, ఇన్ని జాడీలేటి? అమ్ముతన్నారేటి?" అన్నాడు.

"అమ్మడమేటండి! మాకు, మా ఆడపడుసుకి, మా తమ్ముడికి, కింద ఉన్న ఈళ్ళకి. నాలుగిళ్ళకి పెడతన్నాను" అన్నాను.

"ఇల్లు ఎవరిది?"

"నాది."

"మీ ఆయన లేరా?"

ఇల్లు నాదని చెప్పిన తర్వాత రెండో ప్రశ్న ఇదీ. డ్యూటీకెళ్ళారని చెప్పాను. ఏం అడగాలన్నా నన్ను అడగండి, కాగితాలన్నీ నా పేరునే ఉన్నాయి, గదిలోనే ఉన్నాయి, చూపిస్తాను అన్నాను. ఆయన నా మాట విననట్టే ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "మగోళ్ళుంటే తెగిపోయే మాటలమ్మా. ఆదివారం వస్తాన్లెండి" అని, పోతూ పోతూ చెయ్యి చాపి ఒక ముక్క అడిగాడు. పెట్టాను. చప్పరించి, అచ్చం వాళ్ళ అమ్మ చేతి ముక్కలా ఉందని మెచ్చుకున్నాడు. పన్ను వేసే చేతికి పచ్చడి పెట్టిన నా బుద్ధికి ఏం చెప్పుకోవాలి!

ఆదివారం ఆయన అన్నట్టే వచ్చాడు. మా ఆయనా, ఇన్‌స్పెక్టరూ అద్దెకున్నవాళ్ళ ముందు గదిలో కూర్చున్నారు. పావుగంటలో ఇద్దరి ఊళ్ళూ పక్కపక్కవేనని తేలింది. ఇంకేముంది, బావా అంటే బావా. నేను పెరటి గదిలో పేపర్లు దిద్దుతున్నాను, మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఈ గదీ డాబా ఎవరు వాడతారని ఆయన అడిగాడు.

"ఆడోళ్ళ సరదా బావా అది" అన్నారు మా ఆయన. "ఆవిడ పచ్చళ్ళ కోసమని పాతిక రూపాయలు అద్దె తగ్గించేం కూడాను. మనం క్వార్టర్సులోనే గదా ఉంతన్నాం."

సరదా! ఎండలో నా అరికాళ్ళు బొబ్బలెక్కేది సరదా కోసమట. లేచి వెళ్ళి అక్కడే కడిగి పారెయ్యాల్సింది. వచ్చిన మనిషి ముందు ఎందుకులే అనుకుని కూర్చుండిపోయాను. ఆ ఊరుకోవడం నాది, అందులో ఎవరి తప్పూ లేదు.

నెల తిరిగేసరికి నోటీసు వచ్చింది. నా పేరునే వచ్చింది. అడగడానికి మా ఆయన కావాలి, కట్టడానికి మాత్రం నేను సరిపోతాను. అందులో ఉన్న సంగతి ఇది. యజమాని ఆ ఇంట్లో కాపురం లేరు కాబట్టి ఇల్లు పూర్తిగా అద్దె ఇల్లే. యజమాని ఉంటున్న భాగానికి ఇచ్చే తగ్గింపు ఈ ఇంటికి వర్తించదు. అంతటితో ఆగినా బాగుండేది. గదీ డాబా వాడుకున్నందుకు తగ్గించిన పాతిక రూపాయలు కూడా అద్దె కిందే లెక్క, వాటి మీద కూడా పన్ను కట్టాలి.

మూడుసార్లు చదివాను. నా డాబా మీద నేను ఆవకాయ ఎండబెట్టుకున్నందుకు నాకు నేనే నెలకి పాతిక రూపాయలు అద్దె కట్టుకుంటున్నానట. ఆ అద్దె మళ్ళీ నేనే పుచ్చుకుంటున్నానట. పుచ్చుకున్నందుకు పన్ను కట్టాలట. పోనీ అద్దె కట్టి వాడుకుంటున్నాను కాబట్టి నేను అక్కడ ఉంటున్నట్టేనా అంటే, అబ్బే, లేనట. తగ్గింపు ఇవ్వాల్సి వచ్చినప్పుడు నేను ఆ ఇంట్లో లేను. పన్ను వెయ్యాల్సి వచ్చినప్పుడు ఉన్నాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు పరీక్షలో ఇలా రాస్తే నిలబెట్టి అడుగుతాను, నువ్వేం రాశావో నీకైనా తెలుసా అని.

మా ఆయన నోటీసు చూసి తేలిగ్గా తీసుకున్నారు.

"పోన్లే, కట్టెద్దాం. ఎంతని! దీనికోసం ఆఫీసుల సుట్టూ తిరగడమేటి?" అన్నారు.

"డబ్బు గురించి కాదండి" అన్నాను. "నాను ఆ ఇంట్లో లేనని రాసేరు. ఉన్నానని రాయించుకోవాల. అంతే."

"రాస్తే ఏటయింది? నీ ఇల్లు నీకు కాకుండా పోతాదా?"

"మీకు అర్థం కాదులెండి."

అర్థం కాలేదనే అనుకున్నాను. ఎందుకంత వెనక్కి లాగుతున్నారో ఆలోచించలేదు. సివిక్స్ పాఠంలో పౌరుడి హక్కులని ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పినదాన్ని. అన్యాయమనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చని నల్లబల్ల మీద నా చేత్తో రాసినదాన్ని. గీతల కాగితం మీద ఒకటిన్నర పేజీ అప్పీలు రాసి, సంతకం చేసి, నేనే పట్టుకెళ్ళి ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను.

విచారణకి రమ్మని పిలుపు వచ్చాక అద్దెకున్నతన్ని అడిగాను, ఒక్కసారి వచ్చి గది, డాబా అక్కయ్యగారివేనని చెప్పమని. ఎప్పుడూ ఎదురొచ్చి కుర్చీ వేసే మనిషి గుమ్మంలోనే నిలబడి నసిగాడు. "ఆ రోజు సెలవు దొరకదండీ అక్కయ్యగారూ. అయినా మనం చెప్పేదేంటండీ, వాళ్ళు రాసేసుకుంది రాసేసుకున్నారు కదండీ" అన్నాడు. వంటింటి తలుపు దగ్గర ఆ పిల్ల తల వంచుకుని నిలబడి ఉంది. రోజూ గలగలా మాట్లాడే పిల్ల ఆ వేళ వదినగారూ అని కూడా అనలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఇంత చదువు చదివి, ఇంత మందికి పాఠాలు చెప్పి, కళ్ళముందున్నది చూడలేకపోయాను.

విచారణ రోజున సెలవు పెట్టాను. ఒక్కదాన్నే వెళతానంటే మా ఆయన వినలేదు. డ్యూటీ మార్పించుకుని వెంట వచ్చారు. బస్సులో మళ్ళీ ఒకసారి, "ఎనక్కి ఎల్లిపోదామా? ఎందుకొచ్చిన గొడవ?" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అక్కడున్న ఆఫీసరు పెద్దాయన. నన్ను కూర్చోమన్నాడు. మా ఆయన్ని నా వెనక ఉన్న బెంచీ మీద కూర్చోమని, "అప్పీలు వీరిది కదా, వీరినే చెప్పనివ్వండి" అన్నాడు. ఆ మాటతోనే నా సగం కోపం పోయింది. ఇంతకాలానికి ఒక్క మనిషి ఇల్లు ఎవరిదో వాళ్ళతో మాట్లాడాడు. నా అప్పీలు మొదటినుంచి చివరిదాకా నా ముందే చదివాడు.

"మీరు అక్కడ పడుకోరు. అక్కడ వంట చేసుకోరు. మరి నివాసమని ఎలా అంటారమ్మా?" అని మర్యాదగానే అడిగాడు.

"నివాసమని నేనూ అనడం లేదండి. అద్దెకివ్వలేదంటున్నాను" అన్నాను. "ఆ గది తాళం నా దగ్గరుంటుంది. అందులో ఉన్న సామాను నాది. ఏడాదిలో రెండు నెలలు రోజూ వెళతాను, మిగతా రోజుల్లో సెలవొస్తే వెళతాను. వేసవిలో మా బడి మూసేస్తారండి. మూసి ఉన్నన్నాళ్ళూ దాన్ని బడి కాదని, గోడౌనని రాస్తారా? నేను ఎవరికీ ఇవ్వనిదానికి అద్దె ఎలా వస్తుంది?"

ఆయన నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదు. కాసేపు పెన్ను మూతతో బల్ల మీద కొట్టుకుంటూ ఆలోచించాడు. "మీరు చెప్పింది సబబుగానే ఉంది. ఆ గదీ, డాబా కొలిపించి మీ సొంత వాడకం కింద వేరే చూపించమంటాను. ఆ పాతిక రూపాయలు కూడా తీసేయిస్తాను" అన్నాడు.

ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ క్షణం నాకు బాగా గుర్తొస్తోంది. ఎంత తేలికయ్యానో చెప్పలేను. వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూడాలనిపించింది, ఇప్పటికైనా అర్థమైందా అన్నట్టు. చూడబోతుండగానే పక్కన కూర్చున్న గుమాస్తా ఫైలు ముందుకి జరిపాడు. "సార్, అద్దెకున్నవాళ్ళు ఇచ్చిన రసీదు నకళ్ళు ఉన్నాయి. చూడలేదు తమరు" అన్నాడు.

రసీదులన్న మాట నేనెప్పుడూ వినలేదు. మాకూ వాళ్ళకీ మధ్య కాగితమే లేదు. ఆఫీసరు ఒక్కొక్కటే తిప్పుతుంటే ఆయన ముఖం మారిపోయింది. ఫైలు నా వైపు తిప్పాడు. నెలకొకటి చొప్పున వరసగా ఉన్నాయి. ఇల్లు యావత్తు, పెరటి గది, డాబాతో సహా, అద్దెకిచ్చినట్టు రాసి ఉంది. అద్దె మాకు చేతికొచ్చేదాని కంటే డెబ్బై అయిదు రూపాయలు ఎక్కువ వేసి ఉంది. కింద రెవిన్యూ స్టాంపు, స్టాంపు మీద నా పేరు.

"ఇది మీ సంతకమేనా అమ్మా?" అని అడిగాడు.

నా సంతకం పొట్టిగా, వాలుగా ఉంటుంది. గంట కొట్టేలోపు హాజరు పుస్తకంలో గబగబా పెట్టీ పెట్టీ అలా అయిపోయింది. ఆ స్టాంపుల మీద ఉన్నవి గుండ్రటి అక్షరాలు. నిదానంగా, అందంగా, ముచ్చటపడి రాసినవి. పేరు కింద పొడుగ్గా ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. ఆ గీతా ఆ చుక్కలూ నేను పెళ్ళయిన నాటినుంచీ చూస్తున్నాను. మా ఆయన తన పేరు కింద అలాగే పెడతారు.

ఆ తర్వాత ఆయన నాకు చెప్పుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. అద్దెకున్న కుర్రవాడికి ఆఫీసులో ఇంటి అద్దె కోసం అలవెన్సు ఇస్తారు. రసీదులో అద్దె ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ వస్తుంది. ఒక్క రసీదు రాసిపెట్టండి బావగారూ అని అడిగాడు. ఒకటి రెండైంది, రెండు పద్నాలుగయ్యాయి. అలవెన్సు మాకు ఇవ్వలేదు, మా ఆయన అడగనూ లేదు. అది ఒప్పుకోవాలి, డబ్బుకి ఆశపడి చేసిన పని కాదు. "మనోడు గదా, అడిగితే లేదనలేకపోనాను. నీకెందుకు ఇబ్బందని నానే పెట్టేసేను. మొదట్లో సరిగ్గా రాలేదు, పాత కాగితాల మీద రాసి రాసి నేర్సుకున్నాను" అన్నారు. ఆ చివరి మాట మెప్పు కోసం అన్నారో, జాలి కోసం అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇన్‌స్పెక్టరు నా అప్పీలు అందాక మళ్ళీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి అద్దె ఎంతని అడిగినప్పుడు, తన ఆఫీసులో ఇచ్చినదీ ఇక్కడ చెప్పేదీ ఒకటే ఉండాలన్న భయంతో కుర్రవాడు ఆ నకళ్ళే చేతిలో పెట్టాడట. ముగ్గురు మగవాళ్ళు నా ఇంటి గురించి కాగితాలు రాసుకున్నారు, ఇచ్చుకున్నారు, పుచ్చుకున్నారు. అందులో నా పేరుంది. నేను లేను.

ఇవేవీ ఆ బల్ల ముందు నాకు తెలియవు. తెలిసినవల్లా ఆ గీత, ఆ రెండు చుక్కలు.   నాది కాదని ఒక్క మాటంటే నా గది, నా డాబా నాకు వచ్చేస్తాయి. బల్లకి అవతల ఉన్న మనిషి రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ తర్వాతి ప్రశ్న ఉంటుంది కదా, మరి ఎవరిదని? దొంగ సంతకం పెట్టినవాడు నా వెనక కూర్చున్నాడు. దొంగ రసీదు పెట్టుకున్నవాడి ఉద్యోగం ఇంకా కుదురుకోలేదు. నా చాపలు పరిచే పిల్ల పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోవాలి.

ఇంతమంది బరువు నా ఒక్క మాట మీద పెట్టి ఎవరికి వాళ్ళు హాయిగా ఎలా ఉండగలిగారు? పద్నాలుగు నెలల్లో ఒక్క రోజైనా, ఒక్కరైనా నాతో ఎందుకు చెప్పలేదు? బస్సులోనైనా చెప్పకూడదూ! వెనక్కి వెళ్ళిపోదామన్న నోటికి, ఎందుకు వెళ్ళిపోవాలో చెప్పడం రాలేదా?

"నాదేనండి" అన్నాను.

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి ఇప్పటిదాకా చెప్పిందంతా ఏమిటమ్మా?" అన్నాడు.  "పిల్లలకి చదువు చెప్పేవారు మీరు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది. అంతకు ముందు నన్ను మనిషిగా చూసిన ఒక్క ఆఫీసరూ అప్పుడు నన్ను అబద్ధాలకోరుగా చూస్తున్నాడు. ఆ చూపు తప్పని చెప్పే వీలు నాకు లేదు.

గుమాస్తా ఒక వాంగ్మూలం రాశాడు. సదరు ఇల్లు యావత్తూ అద్దెకిచ్చితిననియు, సదరు ఇంటిలో నాకు సొంత వాడకమేమియు లేదనియు, అప్పీలు ఉపసంహరించుకొనుచున్నాననియు. నాకు చదివి వినిపించాడు. నేను చదువుకోగలనని కూడా చెప్పబుద్ధి కాలేదు. పెన్ను తీసుకుని అడుగున సంతకం చేశాను, రోజూ బడిలో చేసినట్టే.

గుమాస్తా ఆ కాగితాన్నీ రసీదునీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇది అలా లేదు సార్" అన్నాడు.

ఆఫీసరు వంగి చూశాడు. అప్పటికే ఆయనకి నా మీద విసుగొచ్చేసింది. "అప్పీలు ఎలాగూ వెనక్కి పోతుంది, ఫైల్లో మిగిలేవన్నీ ఒకేలా ఉండాలమ్మా. తొందర్లో పెట్టినట్టున్నారు. రసీదుల మీద ఎలా పెట్టారో అలాగే పెట్టండి" అని, గుమాస్తాతో ఇంకో కాగితం రాయించాడు.

ఆ రాసేంతసేపూ నేను రసీదు వైపే చూస్తూ కూర్చున్నాను. నా పేరులో మొదటి అక్షరం ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ తిప్పారో చూసుకున్నాను. కొత్త కాగితం నా ముందుకొచ్చింది. మా ఆయన బెంచీ మీద నుంచి లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. క్షమించమంటారేమో అనుకున్నాను. నా చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "కింద గీత. గీత కింద రెండు సుక్కలు" అన్నారు.

ఒక్కొక్క అక్షరం గుండ్రంగా, నిదానంగా రాశాను. గీత గీశాను. రెండు చుక్కలు పెట్టాను. గుమాస్తా కాగితం అందుకుని రసీదు పక్కన పెట్టి, తృప్తిగా తలాడించాడు.

"ఆఁ, ఇప్పుడు మీ సంతకంలా ఉందమ్మా" అన్నాడు.